చిక్కం

నాలుగో గుక్క మింగగానే జీవరత్నం దూడను మెడతాడు పట్టి వెనక్కి లాగింది. అది కాళ్లు బిగబట్టి, నురగ మూతితో మళ్ళీ పొదుగు వైపే మెడ చాచింది. గేదె చేపింది, పాలు దిగాయి. ఇక దూడతో పని లేదు. దాన్ని గుంజకు కట్టేసి, తాగకుండా మూతికి నైలాను తాడు చిక్కం తగిలించి, బకెట్టు మోకాళ్ల మధ్య ఇరికించుకుని కూర్చుంది.

కంకిపాడు అవతల సీతారావమ్మగారి పాకలో ఆరు గేదెలు. ఏడో తరగతిలో బడి మాన్పించినప్పటి నుంచీ వాటి పాలు, పేడ, కడుగుడు జీవరత్నానివే. ఇరవై నాలుగేళ్లకే వేలి కణుపులు లావెక్కాయి. పాక దూలానికి కట్టిన చీర ఉయ్యాలలో ఎనిమిది నెలల కూతురు దీవెన.

ఈ దూడ మగది. పుట్టి ఇరవై రోజులైనా ఒళ్లు చేయలేదు, డొక్కలు లోపలికి పోయాయి.

జంతువులను పస్తు పెట్టినా, కట్టేసి బాధపెట్టినా జైలేనంటూ కొత్త బిల్లు తెస్తున్నారని నిన్న టీవీలో చెప్పారు. కింద పరిగెత్తే అక్షరాలు ఆమె కూడబలుక్కునేలోగా వెళ్లిపోయాయి. అప్పటి నుంచీ అన్నం సయించలేదు. చిక్కం కట్టేవి ఈ చేతులే కదా.

"అమ్మగారూ, జైలు ఎవరికండీ? కట్టినోళ్లకా, కట్టమన్నోళ్లకా?"

సీతారావమ్మ పాల క్యాను మూత బిగిస్తూ నవ్వింది. "బిల్లేనే పిచ్చిమొహమా, ఇంకా పాసవలేదు. అది ఢిల్లీలో బయల్దేరి మన పాకకొచ్చేసరికి నీ దీవెనకి పెళ్ళీడొస్తది."

"ముందే వచ్చేస్తే? నేను జైలుకి పోతే నా పిల్లకి పాలెవరిస్తారండీ?"

"నువ్వు పోతే నా గేదెలకెవరే దిక్కు? నేనే అడ్డం పడతాలే. పేడెత్తు."

మధ్యాహ్నం అమ్మగారు కునుకు తీస్తున్నారు. జీవరత్నం గడ్డి మోపు మీద కూర్చుని దీవెనకు పాలిస్తోంది. దూడ అటే చూస్తూ, చిక్కం కన్నాల్లోంచి నాలుక చాపి ఆ తాడునే నాకుతోంది. వీధిలో ఏదో బండి ఆగింది. ఎవరైనా వచ్చి దీన్ని చూస్తే?

బిడ్డను చంకనేసుకునే లేచి, ఒంటిచేత్తో చిక్కం విప్పింది. మెడతాడూ వదిలేసింది. దూడ పొదుగును కుమ్మి కుమ్మి తాగింది. వీధిలో బండి వెళ్లిపోయినా ఆమె దాన్ని లాగలేదు. పస్తులున్న కడుపుకు ఒక్కసారే అన్ని పాలు పడవని ఆమెకు తెలుసు. ఆ కాసేపు గుర్తు రాలేదు.

నాలుగింటికల్లా దూడ డొక్క బిగిసిపోయింది. వాము నీళ్లు పట్టింది, కడుపు నిమిరింది. అది తల తెచ్చి ఆమె ఒళ్లో పెట్టుకుంది. దీపాలు పెట్టే వేళకు కాళ్లు చాపేసింది.

సీతారావమ్మ వచ్చి చూసింది. "మగదేగా, పోనీలే. తోళ్ల హనుమయ్యకు ఫోన్ చెయ్యి. తోలొలిచి గడ్డి కూరి తెస్తాడు. ఎదురుగా నిలబెడితే తన దూడే అనుకుని గేదె చేపుద్ది."

"అమ్మగారూ... చిక్కం విప్పినోళ్లకి కూడా కేసుంటదాండీ?"

"ఏంటే?"

"ఏం లేదండీ."

గేదె ఒకటే అరుస్తోంది. జీవరత్నం దీవెనను ఉయ్యాలలోంచి తీసి గట్టిగా హత్తుకుంది. గుంజ మేకుకు చిక్కం వేలాడుతోంది. లోపల మూతి లేకపోయినా అలాగే గుండ్రంగా ఉంది, తాడు ముడుల్లో పొద్దుటి పాల నురగ తెల్లగా ఎండిపోయి.