మీటరు తిరగని ఇల్లు

మా జిల్లా ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్ల సంఘం ఏటా ఆగస్టులో ఒక పని చేస్తుంది. ఒంటరిగా ఉండే ముసలివాళ్ల ఇళ్లకు సభ్యులే వెళ్లి, వైరింగు ఉచితంగా పరీక్షించి, కాగితం మీద సంతకం పెట్టి వస్తారు. ఇసోబె రేవు వైపు ఇళ్లన్నీ మా శాఖ పెద్ద కుసానో గారు చూసేవారు. నేను పని నేర్చుకున్నది ఆయన దగ్గరే. ఈసారి మోకాలి ఆపరేషనై ఆయన ఆసుపత్రిలో ఉంటే, ఆఫీసువాళ్లు ఆ జాబితా నాకిచ్చారు.

అందులో నాలుగో పేరు తొమినో, ఎనభై తొమ్మిదేళ్లు. నిరుటి కాగితంలో కుసానో గారి గుండ్రటి అక్షరాలు: "లోపాలు లేవు. మామ్మ కులాసా. బార్లీ టీ ఇచ్చింది."

ఇంటి ముందు గడ్డి నడుం దాకా పెరిగింది. తలుపు తడుతుంటే, పక్క వాకిట్లో చేపలు ఎండబెడుతున్నావిడ తలెత్తింది.

"ఎవరి కోసమమ్మా?"

"తొమినో మామ్మ కోసమండీ. కరెంటు సంఘం నుంచి వచ్చాను."

"ఆవిడ పోయి మూడేళ్లయింది కదా."

కాగితం మళ్లీ చూశాను. తేదీ నిరుటిదే.

"నిరుడు మా పెద్దాయన వచ్చి టీ తాగి వెళ్లారటండీ," అన్నాను.

"ఎవరిచ్చుంటారమ్మా టీ? ఆ ఏడాది ఇలాంటి ఆగస్టు ఎండలకే పోయింది. లోపల కరెంటు ఆగిపోయి ఏసీ పనిచెయ్యలేదట. పంతొమ్మిదో తారీకున తలుపు పగలగొట్టారు. పోయి పదిరోజులై ఉంటుందన్నారు. నేను ఆ నెలంతా మా అమ్మాయి పురిటికి నగోయాలో ఉన్నాను." ఆవిడ ఒక చేపను తిప్పి వేసింది. "ఉంటే చూసుండేదాన్ని."

వ్యానులో కూర్చున్నాను. ఆఫీసుకు ఫోను చేసి మూడేళ్ల కిందటి కాగితం చదివించుకున్నాను. ఆగస్టు తొమ్మిది. లోపాలు లేవు. మామ్మ కులాసా.

అక్కణ్నుంచి నేరుగా ఆసుపత్రికి వెళ్లాను. కుసానో గారు మంచం మీద పుచ్చకాయ ముక్క తింటున్నారు. కాగితం దుప్పటి మీద పెట్టాను. చూసి, ముక్క పళ్లెంలో వదిలేశారు.

"ఇసోబె నీకిచ్చారా, చిగుసా?"

"మామ్మ పోయిందటండీ."

"ఊఁ."

"మరి నిరుడు టీ ఎవరిచ్చారు?"

ఆయన కిటికీ వైపు తిరిగారు. "మూడేళ్ల కిందట, ఆవేళ తలుపు తట్టాను. పలకలేదు. మీటరు చూశాను, తిరగట్లేదు. ఊరెళ్లుంటుందిలే అనుకున్నా. ఇంకా ఆరిళ్లున్నాయి. సంతకం పెట్టి వచ్చేశా."

మీటరు తిరగలేదంటే ఫ్రిజ్ కూడా ఆగిపోయిందని. ఊరెళ్లేవాళ్లు ఫ్రిజ్ ఆపరు. పనిలో చేరిన మొదటి నెలలోనే ఆ మాట నాకు చెప్పింది ఈయనే.

"అప్పటికి బతికుందా?"

"తెలీదు. ఇక ఎవరికీ తెలిసే దారి లేదు." దుప్పటి మీది కాగితం బోర్లా తిప్పి పెట్టారు. "పేరు కొట్టేయాలంటే పోయిన తారీకు రాయాలి. పక్కనే తొమ్మిదో తారీకున నేను సంతకం పెట్టిన కాగితం ఉంటుంది. అందుకే ఏడాదికోసారి ఆవిణ్ని బతికించాను."

కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

"శాఖ మీటింగులో మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?"

"నేనే చెబుతా."

సెప్టెంబరు మీటింగుకు చేతికర్రతో వచ్చి, ఇరవై ఆరు మంది ముందు నిలబడే అంతా చెప్పారు. పోలీసులకూ, తొమినో మేనల్లుడికీ అప్పటికే చెప్పేశానన్నారు. శాఖ పెద్ద పదవి వదులుకున్నారు. కార్యదర్శి సుగిమోరి గారు కళ్లజోడు తీశారు.

"పలకని ఇంటికి సంతకం పెట్టినవాళ్లు ఇంకెవరైనా ఉంటే లేవండి."

నేనూ లేచాను. వెనక కుర్చీలు కదిలిన చప్పుడైంది. తల తిప్పి చూస్తే మేం పదకొండు మందిమి.

తలుపు పలకకపోతే ఇరుగుపొరుగునీ, మునిసిపల్ ఆఫీసునీ అడిగి, మనిషి జాడ తేలాకే అక్కణ్నుంచి కదలాలని ఆ పూటే తీర్మానం రాశారు. మర్నాడు పొద్దున్నే పదకొండు మందిమీ, పలక్కపోయినా సంతకం పెట్టి వచ్చేసిన ఇళ్లకు బయలుదేరాం. నావి మూడు. రెండిళ్లలో వెంటనే పలికారు. మూడో ఇల్లు ఎంతసేపటికీ పలకలేదు; లోపలి ముసలాయన తలుపు తెరిచేసరికి నేను మెట్టు మీద కూర్చుని మునిసిపల్ ఆఫీసుకు ఫోను కలుపుతున్నాను.