ఏడో నంబరు లాఫ్ట్‌కు ధర ఎందుకు పెరగలేదంటే

కాలింగ్‌వుడ్‌లో పాత చేతితొడుగుల ఫ్యాక్టరీని పన్నెండు లాఫ్టులుగా, అంటే లోపల సగం మేడ ఉన్న ఎత్తైన ఇళ్లుగా, మార్చినప్పటి నుంచీ అక్కడి అమ్మకాలన్నీ నా చేతుల మీదుగానే జరిగాయి. పదకొండింటి ధర రెట్టింపు దాటింది. ఏడో నంబరు మాత్రం పదహారేళ్లలో నాలుగు చేతులు మారి, నాలుగు లక్షల డాలర్ల దగ్గరే చతికిలబడింది. మా దక్షిణార్ధగోళంలో ఎండొచ్చేది ఉత్తరం నుంచే కదా, దానికి ఆ ఎండ తగలదని ఆఫీసులో అందరి దగ్గరా బుకాయించేవాణ్ణి. నిజానికి ఆ భవనంలో దానికి తగిలినంత ఎండ ఇంకే ఇంటికీ తగలదు.

అమ్మేయడానికి వచ్చిన ప్రతివాళ్లూ నా ఎదురుగా కూర్చుని, సిగ్గుపడుతూ ఒకే మాట చెప్పేవాళ్లు.

"నవ్వకండి డెస్. మధ్యాహ్నం పూట పైన ఎవరో రెయిలింగ్ పట్టుకుని ఊపుతున్నట్టుంటుంది. బోల్టులు బిగిస్తాం. వారం తిరక్కుండా ఎడమవైపు రెండూ మళ్లీ వదులైపోతాయి."

నేను నవ్వేవాణ్ణి కాదు. ఎడమవైపు రెండే ఎందుకో నాకొక్కడికే తెలుసు.

మొదటిసారి అమ్మేటప్పుడు ఫొటోలు తీయడానికి వచ్చినవాడు సగం మేడ మీది ఆ రెయిలింగ్ చూసి మూతి విరిచాడు. "ఏంటిది గురూ, జైలు ఊచల్లా! పీకెయ్. ఫ్యాక్టరీ ఫ్యాక్టరీలా కనపడాలి," అన్నాడు. పీకేశాం. మా వృత్తిలో ఇది మామూలే. ఫొటోల కోసం ఇంటిని ఒలిచేస్తాం, అద్దె సోఫాలు పరుస్తాం, తర్వాత ఎక్కడివక్కడ పెట్టేస్తాం. శనివారం పొద్దున రెయిలింగ్ తిరిగి బిగిస్తుంటే ఇల్లు చూడ్డానికి వచ్చిన జనం తలుపు బయట వరస కట్టేశారు. పానా నా చేతిలోంచి జారి కిందపడింది. దిగి తెచ్చుకునే ఓపిక లేక, ఎడమవైపు మిగిలిన రెండు బోల్టులూ వేళ్లతోనే తిప్పి, సోమవారం చూసుకుందాంలే అనుకున్నాను. సోమవారానికి బేరం కుదిరిపోయింది. ఆ సంతోషంలో బోల్టుల సంగతి ఎవడికి గుర్తుంటుంది!

కొన్నది హెస్టర్ లోగన్ అనే సంగీతం టీచరు. ముప్పై నాలుగేళ్లు. చేరిన ఎనిమిదో నెలలో, కింద ఉన్న స్నేహితురాలితో మాట్లాడుతూ రెయిలింగ్ మీదికి వాలింది. అది ఊడిపోయింది. సామాను పైకెక్కించేటప్పుడు ఆమే బోల్టులు వదులు చేసుకుని ఉంటుందని విచారణలో తేల్చారు. నేను వెనక వరసలో నోరు మూసుకుని కూర్చున్నాను. ఆ నోరు పదహారేళ్లు తెరవలేదు.

ఈసారి అమ్మేది ఒడెట్ ఫరూజా. ట్రామ్ నడుపుతుంది, ఒంటరిగా కూతుర్ని పెంచుకుంటోంది.

"రెమికి నడక వచ్చింది డెస్. మెట్లకి అడ్డంగా కుర్చీలు పెట్టి కింద సోఫాలో పడుకుంటున్నాం. ఎంతొస్తే అంతే, శనివారం వేలంలో ఈ పీడ వదిలించండి. మీకు పుణ్యముంటుంది."

గంట దూరంలోని జీలాంగ్‌లో చిన్న ఇల్లు చూసుకుంది. ఇది అమ్ముడైతేనే అది.

మా ఊరి పద్ధతి ప్రకారం శనివారం పదకొండింటికి ఇంటి ముందు వీధిలోనే వేలంపాట. కొనేవాళ్లు నలుగురైతే, కాఫీ కప్పులతో, కుక్కలతో వినోదం చూడ్డానికి వచ్చిన ఇరుగుపొరుగు నలభై మంది. పాట మొదలెట్టే ముందు ఏమైనా సందేహాలున్నాయా అని నేను అడగాలి. అది ఆనవాయితీ. ఎవరూ ఏమీ అడక్కపోవడం కూడా ఆనవాయితీయే.

ముందు వరసలోంచి ఒక చెయ్యి లేచింది. నిండు గర్భిణి.

"పక్కదేమో తొమ్మిది లక్షలకి పోయింది. దీనికి నాలుగున్నరేంటి? లోపల ఎవరైనా చచ్చిపోయారా ఏంటి?"

జనం గొల్లుమన్నారు. ఆమె మొగుడు మోచేత్తో పొడిచాడు. "ఊరుకో బ్రిడీ, ధర పెంచేసేలా ఉన్నావ్!"

పై కిటికీ తెరిచి ఉంది. లోపల ఇనుము కదిలిన చప్పుడు. లోపల ఎవరూ లేరు. ఒడెట్ బిడ్డను చంకనేసుకుని గుమ్మం పక్కన నిలబడి నావైపే చూస్తోంది. ఒక్క "లేదు" అంటే చాలు, ఆమె బయటపడిపోతుంది. కానీ నా ఎదురుగా ఆ కడుపు ఉంది.

"చచ్చిపోయింది," అన్నాను. "పేరు హెస్టర్ లోగన్. చంపింది నేనే అనుకోండి."

బోల్టుల సంగతి, పానా సంగతి అంతా చెప్పేశాను. నవ్వులు ఆగిపోయాయి. బ్రిడీ కడుపు మీద చెయ్యేసుకుని వెనక్కి తగ్గింది. పాట పాడమని మూడుసార్లు అడిగాను. ఒక్క గొంతూ లేవలేదు. కుక్కతో వచ్చినవాడొకడు వెళ్తూ వెళ్తూ, "పాటయ్యాక చెప్పుకుని ఏడవొచ్చుగా!" అన్నాడు.

వీధి ఖాళీ అయింది. సిగ్గులేకుండా చెబుతున్నాను, నాకు ప్రాణం తేలికపడింది. ఒడెట్ దగ్గరికి వెళ్లాను.

"ఆ పిల్ల కడుపుతో ఉంది ఒడెట్. చూస్తూ చూస్తూ అబద్ధం ఆడలేకపోయాను."

ఒడెట్ రెమిని ఇంకో చంకకి మార్చుకుంది. నన్నెప్పుడూ మీరు అనే మనిషి.

"రెండేళ్ల కిందట నేనూ అడిగాను, ధర ఎందుకింత తక్కువని. ఇక్కడ ఎవరూ పోలేదని నువ్వే చెప్పావ్."

నిజమే, చెప్పాను.

"అప్పుడు నాకు నాలుగో నెల," అంది. "ఇంకా పైకి కనపడలేదు, అంతే."

వెళ్లడానికి ఇంకో చోటు లేక, బిడ్డనెత్తుకుని ఆ ఇంట్లోకే వెళ్లింది.