విసనకర్ర దాటిన గీత

తుఫాను ఎటు పోతుందో గీసే ఉద్యోగం మా అమ్మాయిది. వాతావరణ ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుని సాఫ్ట్‌వేర్‌కి అంకెలిస్తే సముద్రం మీద చుక్కలు పడతాయి. చుక్కలు కలిపితే తుఫాను దారి. ఆ దారికి రెండువైపులా తెల్లగా ఒక మేర విచ్చుకుంటుంది. నేను దాన్ని విసనకర్ర అంటాను. "తుఫాను ఇందులో ఎటైనా తిరగొచ్చమ్మా. రోజులు గడిచేకొద్దీ మనకి తెలియంది పెరుగుతుంది, అందుకే వెడల్పవుతుంది" అని అదే చెప్పింది. తెలియంది పెరుగుతుందన్న ముక్కే నా బుర్రలో గట్టిగా నాటుకుంది.

మా ఆయన లాంచి నడుపుతారు. రేవు నుంచి దీవికి సరుకులు, మందులు చేరవేస్తారు. పోవడానికి ఐదు గంటలు. ఆ రోజు మధ్యాహ్నం పన్నెండుకి బయల్దేరాలి. ఆఫీసు హెచ్చరిక ఆలస్యంగా అంది రేవు వాళ్లు ప్రమాద జెండా ఎగరేసేదాకా ఆగే అవసరం మనకి లేదు, మనింట్లోనే తుఫాను బొమ్మ ఉంటుందని ఆయనకు గర్వం.

అమ్మాయి రాత్రి డ్యూటీ చేసి వచ్చి, ఫోను ఆపేసి పడుకుంది. అంతకుముందే ఆఫీసు నుంచి నాకు బొమ్మ పంపింది. గీత దీవిని వదిలేసి ఎక్కడికో పైకి పోతోంది. కింద "నిశ్చింతగా ఉండమ్మా, టిఫిన్ తిను" అని రాసింది. నాకు అక్కడే అనుమానం తగిలింది. మా అమ్మాయి నాతో అంత తీపిగా మాట్లాడే మనిషి కాదు.

ఎనిమిదింటికి ఆయన ఫోన్ చేశారు. "ఏమోయ్, పాప లేచిందా?"

"ఇప్పుడే పడుకుందండీ."

"బొమ్మేదైనా పంపిందా? ఏదీ, నాకు పంపు."

పంపాను. రెండు నిమిషాల్లో మళ్లీ చేశారు. "దారి శుభ్రంగా ఉంది. పన్నెండు దాకా ఎందుకు, ఇప్పుడే పోయొస్తా."

తొమ్మిదిన్నరకి కూరగాయలు ముందేసుకుని మళ్లీ ఆ బొమ్మే చూశాను. ఫోన్లో వేళ్లతో పెద్దది చేశాను. గీత విసనకర్ర మధ్యలో నడవాలి కదా? ఇది పక్క అంచు దాటి బయటికి పోయింది. విసనకర్ర మాత్రం దీవి మీదే పరుచుకుని ఉంది. బయట కిటికీ రెక్క టపటపా కొట్టుకుంటోంది.

వెళ్లి దుప్పటి లాగేశాను. "లే. నా కళ్లలోకి చూసి చెప్పు. ఈ గీత విసనకర్రలోంచి ఎందుకు పారిపోయింది?"

అది బొమ్మ వైపు చూడలేదు. నా వైపే చూసింది. "నువ్వు గమనిస్తావనుకోలేదమ్మా."

"అంటే?"

"పోయిన తుఫానుకి మూడు రోజులు ముద్ద ముట్టకుండా కళ్లు తిరిగి పడిపోయావు. అందుకే చుక్కలు మౌస్‌తో పక్కకి లాగి నీకోసం వేరే గీశా. చుట్టూ మేర మళ్లీ గీయించడం మర్చిపోయా. నాన్నకి అసలుది నేనే చెబుతాగా, పన్నెండులోపు లేచి..."

"మీ నాన్న ఎనిమిదింటికే పోయారే! నేనే పంపానే ఆ బొమ్మ!"

అది ఫోను తెరిచి వాళ్ల నాన్నకి చేసింది. ఆయన ఫోన్ అందలేదు. రేవులో రేడియో చూసే గుమాస్తాకి చేసి స్పీకర్ పెట్టింది. నేనే అందుకున్నాను. "తమ్ముడూ, మీ అన్నయ్యని వెనక్కి తిరగమను!"

గుమాస్తా ఫోన్ని రేడియో పక్కన పెట్టాడు. గరగరల మధ్య మా ఆయన నవ్వు వినిపించింది. "మీ వదినకి మళ్లీ మొదలైందా? పిట్ట ఎగిరినా తుఫానే అంటుంది. అమ్మాయి బొమ్మ నా దగ్గరుందని చెప్పు."

గుమాస్తా కూడా నవ్వాడు. "వదినా, జెండా కూడా ఎక్కలేదు. ఊరికే ఎలా తిప్పమంటాను?"

ముప్పై ఏళ్లుగా ప్రతి మబ్బుకీ భయపడ్డాను. ఈసారి నా మాటకి విలువ లేదు. ఫోన్ అమ్మాయి చేతిలో పెట్టాను.

అది రెండు క్షణాలు తటపటాయించింది. రేడియోలో మాట్లాడితే రేవంతా వింటుంది, ఆఫీసుకీ చేరుతుంది. గొంతు సవరించుకుంది.

"నాన్నా, ఆ బొమ్మ అబద్ధం. అమ్మ భయపడకూడదని నేనే మార్చి గీశా. అసలు దారి నీ దీవి మీదుగానే. సాయంత్రానికల్లా వచ్చేస్తుంది. తిప్పెయ్ నాన్నా."

గుమాస్తా నవ్వు ఆగిపోయింది.

"తిప్పుతున్నా తల్లీ" అన్నారు ఆయన. ఒక్క మాట తిట్టినా బాగుండేది.

అమ్మాయి ల్యాప్‌టాప్ తెరిచి అసలు బొమ్మ నా ముందు పెట్టింది. గీత విసనకర్ర మధ్యలోంచి నేరుగా దీవి మీదికి వస్తోంది.

"ఎంతసేపట్లో వస్తారు?"

"గంటన్నర."

దాని కళ్లు తెర మీదే ఉన్నాయి. గడ్డం పట్టుకుని నా వైపు తిప్పుకున్నాను.

"నిజంగా ఎంతసేపు?"

"ఎదురుగాలమ్మా. మూడు గంటలు పట్టొచ్చు."

కుర్చీ లాక్కుని దాని పక్కనే కూర్చున్నాను.