మిగిలిన తొమ్మిది ప్రదక్షిణలు

నేను ఒక పొందూరు ఖద్దరు కండువాను. నాలో ఎన్నో ఏళ్లుగా ఒక సందేహం ఉంది. పూజ చివర మనుషులు చేతులు జోడించి, నిలుచున్న చోటే తమ చుట్టూ తాము తిరుగుతారు. దాన్ని ఆత్మప్రదక్షిణ అంటారు. ఎదురుగా దేవుణ్ణి పెట్టుకుని, మధ్యలో ఆయనకు వీపు కూడా చూపించి, వీళ్లు ఎవరి చుట్టూ తిరుగుతున్నట్టు? భుజం మీద ఉండి నేనూ తిరిగాను గానీ, అడగడానికి నాకు నోరు లేదు.

నా పత్తిని వాలుగ చేప దవడతో దువ్వారు. మా ఊళ్లో అదే పద్ధతి. నన్ను కప్పుకునే ఆచారపరులు ఆ చేప సంగతి అడగరు, నేనూ చెప్పను. నూలు వడికింది నీలవేణి. నేసింది ఆమె భర్త కూర్మారావు. ఒక వకీలు నన్ను కొని ఒక హెడ్మాస్టరుకు సన్మానంలో కప్పాడు. హెడ్మాస్టరు నన్ను మడతైనా విప్పకుండా ఇంకొకరికి కప్పాడు. అలా ఆరేళ్లలో ఏడు సన్మానాలు చూశాను. ఏడోది ఉత్తమ నేతగాడికి. అంచు పట్టుకోగానే కూర్మారావు తన చేతిపని గుర్తుపట్టి, నవ్వు ఆపుకుని, సభకు దండం పెట్టాడు.

మరుసటి ఏడు నీలవేణికి చూపు మందగించింది. పోగు కనబడని మనిషి వడకలేదు. ఆమెకు చూపు వస్తే పన్నెండు ఆత్మప్రదక్షిణలు చేస్తానని కూర్మారావు అరసవల్లి సూర్యనారాయణమూర్తికి మొక్కుకున్నాడు. ఆపరేషన్ అయింది, చూపు వచ్చింది. కానీ గుడిలో మూడో ప్రదక్షిణ ముగుస్తూనే ఆయన కళ్లు తిరిగి పడ్డాడు. మణికట్టు విరిగింది. స్వామి స్వీకరించాడు, చాలు అన్నారు పూజారి. క్షమించవలసింది పూజారి కాదు కదా అని కూర్మారావు బాధ. తర్వాత రెండుసార్లు ప్రయత్నించి, రెండుసార్లూ మొదటి చుట్టుకే పడ్డాడు. మిగిలిన తొమ్మిదీ తొమ్మిదేళ్లుగా అలాగే ఉండిపోయాయి. నీలవేణి కన్ను కాస్త ఎర్రబడినా, అది తన బాకీ వల్లేనని ఆయనకు అన్నం సయించేది కాదు.

అటువంటి రోజుల్లో వాళ్లిద్దరినీ టర్కీ దేశంలోని కొన్యా పట్టణానికి, చేనేత ప్రదర్శనకు పిలిచారు. నేను ఆయన భుజం మీద వెళ్లాను. ఒక సాయంత్రం, దుబాసిగా వచ్చిన హైదరాబాదు అమ్మాయి రుబీనా మమ్మల్ని సూఫీల ప్రార్థన చూడటానికి తీసుకెళ్లింది.

రెల్లు వేణువు మొదలైంది. నల్లని అంగీలు కప్పుకున్న పదిమంది వచ్చి వంగి, ఆ అంగీలను నేల మీద వదిలేశారు. లోపల అంతా తెలుపు. చేతులు గుండెకు అడ్డంగా పెట్టుకుని తిరగడం మొదలుపెట్టారు. కుడి అరచేయి ఆకాశానికి, ఎడమ అరచేయి నేలకు విచ్చుకున్నాయి. వాళ్ల తెల్లని బట్టలు గొడుగుల్లా లేచాయి. మెడలు తుడవడానికీ దుమ్ము దులపడానికీ అలవాటుపడిన నేను, బట్టకు అంత భాగ్యం ఉంటుందని అనుకోలేదు. ఒక్కరూ తూలలేదు. కూర్మారావు వాళ్ల పాదాలనే చూస్తున్నాడు.

"ఎడమకి తిరుగుతున్నారేటమ్మా? మనకి దేవుడి కాడ కుడికే గదా," అన్నాడు మెల్లగా.

"గుండె ఎడమ దిక్కుంటది కదా అంకుల్. దాని చుట్టే తిరుగుతరు," అంది రుబీనా.

నాకు నా పాత సందేహం గుర్తొచ్చింది. దేవుడు లోపలే ఉంటే, వీపు చూపడం అనేదే లేదు. అంతేనో కాదో, నేను గుడ్డను కదా, గట్టిగా చెప్పలేను.

ప్రార్థన అయ్యాక, తిరిగినవాళ్లలో పెద్దవాడైన ఒక తెల్లగడ్డం ఆయన దగ్గరికి కూర్మారావు వెళ్లి, రుబీనా చేత తన గోడు చెప్పించాడు. పెద్దాయన నవ్వి, మొదట్లో తానూ చాలాసార్లు పడ్డానన్నాడు. చెక్కకు కొట్టిన మేకును కాలి వేళ్ల మధ్య పట్టుకుని నెలల తరబడి సాధన చేశాడట. మీరు తిరిగేటప్పుడు దేన్ని చూస్తారని అడిగాడు. దేన్నీ చూడననీ, భక్తితో కళ్లు గట్టిగా మూసుకుంటాననీ కూర్మారావు చెప్పాడు. పెద్దాయన తల అడ్డంగా ఊపి, తన ఎడమ చేతి బొటనవేలు చూపించాడు. తిరిగినంతసేపూ చూపు దాని మీదే ఉంచాలట.

నీలవేణి మొగుడి వైపు తిరిగింది. "కళ్ల కోసం మొక్కుకొని, కళ్లు మూసుకు తిరిగినావేటి మావా?"

కూర్మారావు సిగ్గుపడ్డాడో, లోపల నవ్వుకున్నాడో, నాకు ఆయన భుజం కదలడమే తెలిసింది.

మర్నాడు పొద్దున్నే స్నానం చేసి, నన్ను నడుముకు చుట్టుకుని, బస మేడ మీదికి వెళ్లాడు. పడితే పట్టుకుందామని నీలవేణి వెనకే వచ్చింది. ఆ దేశపు కొండల వెనక నుంచి ఆ మొక్కు స్వామే పైకి వస్తున్నాడు. కూర్మారావు చేతులు జోడించి, బొటనవేళ్ల మీద చూపు నిలిపి, మన పద్ధతిలో కుడికి తిరిగాడు. తొందరపడలేదు. నాలుగోదానికి కొంచెం ఊగాడు. నీలవేణి అడుగు ముందుకు వేసి ఆగిపోయింది. నా అంచులు గాలికి కాస్త లేచాయి. ఆరు, ఏడు, ఎనిమిది అని ఆమె పైకే లెక్కపెట్టింది. తొమ్మిదోది ముగిసేసరికి ఆయన ముఖం సూర్యుడికి ఎదురుగా, రెండు కళ్లూ తెరుచుకుని ఉంది.

"అయిపోనాయి మావా, ఇంక కూకో," అంది నీలవేణి.