ఇస్త్రీ కాని గౌన్లు

పొద్దున ఏడింటికల్లా ఆస్పత్రి సెల్లారులో వాషింగ్ మిషన్లు మొదలవుతాయి. ఎనిమిదింటికి ఆరబెట్టే మిషన్లు. తొమ్మిదింటికి ఆవిరమ్మ చేతులు పైకి మడుచుకుని ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడుతుంది. అసలు పేరు హాజరు పట్టీలో భద్రంగా ఉంది, దాంతో ఎవరికీ అవసరం పడలేదు. ఇరవై రెండేళ్ళు ఆవిరి ఇస్త్రీ పెట్టెతో సావాసం చేశాక ఆవిరమ్మ అన్న పేరే ఖాయమైపోయింది.

ఆ ఆస్పత్రిలో రోగుల గౌన్లు ఉతికినంత మాత్రాన ఖాళీ అయిపోవు. ఉతికితే మరకలు పోతాయి గానీ మనిషి పోడు. తొడుక్కున్నవాళ్ళ ఒళ్ళు ఇస్త్రీ అయ్యేదాకా అందులోనే ఉంటుంది. ఎముకల వార్డు గౌను బల్ల మీద కుంటుతుంది. కడుపు కోత పడ్డవాళ్ళ గౌను ముందుకు వంగి మూలుగుతుంది. కాన్పుల వార్డు గౌన్లయితే ఒకచోట ఉండవు, ఇద్దరు పట్టుకోవాలి. ఆవిరమ్మ భుజం దగ్గర మొదలుపెట్టి, "సరే సరే, అయిపోయింది, ఇంటికెళ్ళు" అని బుజ్జగిస్తూ పెట్టె లాగితే, గౌను ఒక నిట్టూర్పు విడిచి చదునవుతుంది. ఇస్త్రీ కాని గౌను ఎవరూ తొడుక్కోరాదని గోడ మీద బోర్డుంది. దాన్ని రాయించింది ఆవిరమ్మే.

అలాంటి ఆవిరమ్మకి యాభై రెండో ఏట ఎడమ రొమ్ములో గడ్డ తేలింది. శుక్రవారం ఆపరేషను.

"ప్రాణానికి భయం లేదు. కానీ క్యాన్సరు రొమ్ములో మూడు చోట్ల ఉంది, మొత్తం తీసెయ్యక తప్పదు" అంది నాలుగో అంతస్తు డాక్టరమ్మ. తర్వాత కాగితం మీద బొమ్మలు గీస్తూ చెప్పుకొచ్చింది. "తీశాక అలాగే చదునుగా వదిలెయ్యొచ్చు. అది చాలామందికి హాయి. లేదంటే లోపల సిలికాన్ సంచి పెడతాం, కొన్నేళ్ళకి మార్చాల్సి రావచ్చు. పొట్ట దగ్గరి చర్మం, కొవ్వు తీసి కూడా కొత్త రొమ్ము కడతాం. వీపు కండరంతోనూ చేస్తాం గానీ, రోజంతా పెట్టె లాగే భుజం మీది, అది మీకు వద్దంటాను. కావాలంటే ఏదైనా ఈ ఆపరేషన్‌లోనే అయిపోతుంది. తర్వాతైనా చేయించుకోవచ్చు, కాకపోతే మళ్ళీ కోత. బుధవారం నాలుగింటికి వచ్చి చెప్పండి."

చెప్పడానికేముంది, వదిన అప్పుడే ఊరంతా చెప్పేసింది. వదినంటే ఆవిరమ్మ భర్తకి అక్క. పదేళ్ళ కిందట ఆవిడకీ ఇదే జబ్బు చేసింది. ఎక్కడో చిన్న ఆస్పత్రిలో కుడి రొమ్ము తీసేసి, కుట్లు వేసి, ఇంకేమీ చెప్పకుండా పంపించేశారు. ఆవిడ లోపలి బట్టల్లో మడత గుడ్డలు పెట్టుకుని, ఎవరి దగ్గరా నోరు విప్పకుండా ఇద్దరు పిల్లల్ని ఒడ్డెక్కించింది. ఆ ఇంట్లో ధైర్యం అంటే వదిన, వదినంటే ధైర్యం.

"ఈ వయసులో మనకెందుకమ్మా ఆ సోకులు? ప్రాణం దక్కితే చాలదూ? నా మరదలూ నాలాగే గట్టి మనిషి" అని కనిపించినవాళ్ళందరికీ చెప్పుకుంది. విన్నవాళ్ళు ఆవిరమ్మని పొగడ్తలతో ముంచెత్తారు.

ఇక భర్త. అదే ఆస్పత్రిలో లిఫ్టు నడుపుతాడు. ముప్ఫై ఏళ్ళుగా ఎన్నో అంతస్తని అడగడం, చెప్పినచోటికి చేర్చడమే తప్ప, ఫలానా చోటికి వెళ్ళండని ఒక్క మనిషికి చెప్పి ఎరగడు.

"నీ ఇష్టం" అన్నాడు.

"మరి మీ ఇష్టమేమిటి?"

"నీ ఇష్టమే నా ఇష్టం."

ఆవిరమ్మకి ఒళ్ళు మండిపోయింది.

ఎందుకంటే ఆమెకి రొమ్ము కావాలి. పిల్లలు పాలు మాని పాతికేళ్ళయింది, మొగుడు పడుకుంటూనే గురక పెడతాడు, ఇక ఎవరి కోసమని అడిగితే జవాబు లేదు. పొద్దున స్నానం చేస్తూ కిందికి చూసుకుంటే అది అక్కడ ఉండాలి. అంతే. ఆ "అంతే"ని ఇంకొకరికి చెప్పాలంటే మాత్రం సిగ్గు ముంచుకొచ్చేది. చావు తప్పించుకుని అందం అడుగుతోందంటారని భయం. అందుకే డాక్టరమ్మ ఇచ్చిన ఒప్పుదల కాగితంలో కొత్త రొమ్ము "వద్దు" అన్నచోట సంతకం పెట్టి చేతిసంచిలో పెట్టుకుంది.

బుధవారం మధ్యాహ్నం నాలుగో అంతస్తులో రొమ్ము ఆపరేషనయ్యాక చెకప్‌కి వచ్చినవాళ్ళ గౌన్లు మూడు, ఉతికి ఆరి, బల్ల మీద చేరాయి. తోటివాళ్ళు భోజనానికి వెళ్ళారు. ఆవిరమ్మ తలుపు గడియ పెట్టి, తను రాయించిన బోర్డుకి వీపు తిప్పి, మొదటి గౌను తొడుక్కుంది.

రెండు వైపులా చదును. చేతులు పైకెత్తితే ఏదీ అడ్డు రాలేదు. ఊపిరి అడుగు దాకా వెళ్ళొచ్చింది. ఆ మనిషి పరిగెత్తే మనిషి, తన ఒంటితో తనకే పేచీ లేదు. ఆ హాయి ఎంత నిజమైనదంటే ఆవిరమ్మకి ముచ్చటేసింది. "నీకు బాగా కుదిరింది తల్లీ" అంది. విప్పేశాక మాత్రం చెయ్యి దానంతటదే ఎడమవైపుకి వెళ్ళి అక్కడే ఉండిపోయింది.

రెండో గౌనులో రొమ్ము గుండ్రంగా, బిగుతుగా, కొంచెం చల్లగా ఉంది. కొత్త చెప్పుల్లా ఇంకా అలవాటు పడాలి. కానీ నడుము సన్నం, కాళ్ళలో ఉరుకు. ముప్ఫై కూడా ఉండవు. చిన్నపిల్ల, దానికేం, కోరుకోవచ్చు అనుకుంది. తన సిగ్గు తన దగ్గరే ఉండిపోయింది.

మూడోది తొడుక్కోగానే పొట్ట ఈ కొస నుంచి ఆ కొస దాకా లాగింది. నిటారుగా నిలబడటం కుదరలేదు. అమ్మో, ఇది మామూలు కోత కాదు అనుకుంది. రొమ్ము మాత్రం మెత్తగా, వెచ్చగా ఉంది. వేలితో నొక్కితే స్పర్శ పెద్దగా తెలియలేదు, అదీ గమనించింది. కూర్చుందామని వంగితే మోకాళ్ళు కటకటమన్నాయి.

ఆవిరమ్మ ఆగిపోయింది. తన మోకాళ్ళు భేషైనవి. లేచి మళ్ళీ కూర్చుంది. మళ్ళీ కటకట. వేళ్ళ కణుపులు బిగుసుకున్నాయి. నాలుకతో తడిమితే పైవరసలో నాలుగు పళ్ళే ఉన్నాయి.

"ఓయమ్మో, నీకు డెబ్బై ఉంటాయే!" అంది పైకే.

ఆ డెబ్బై ఏళ్ళ ఒంట్లో సిగ్గు కోసం వెతికింది. కుట్ల సలుపు ఉంది, మోకాళ్ళ మీద విసుగుంది, సాయంత్రం నడకకి వేళవుతోందన్న తొందరుంది. సిగ్గు మాత్రం ఎంత వెతికినా దొరకలేదు. ఆవిరమ్మకి నవ్వొచ్చింది. నవ్వుతుంటే పొట్ట కుట్లు లాగాయి, అయినా ఆపుకోలేక కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వింది. గుండెల మీది బరువు దిగిపోయింది. ఆ గౌనుని పసిపిల్లని నిద్రపుచ్చినంత జాగ్రత్తగా ఇస్త్రీ చేసి సాగనంపింది.

నాలుగింటికి పది నిమిషాలుందనగా లిఫ్టెక్కింది.

"ఎన్నో అంతస్తు?" అన్నాడు భర్త అలవాటు కొద్దీ.

"నాలుగు. నాకు రొమ్ము కావాలండీ."

లిఫ్టులో ఇంకో ఇద్దరున్నారు. ఆయన మీట నొక్కి, రెండో అంతస్తులో దిగాలని వాళ్ళు మొత్తుకుంటున్నా వినకుండా, తిన్నగా నాలుగుకి తీసుకెళ్ళాడు. ముప్ఫై ఏళ్ళలో అదే మొదటిసారి.

డాక్టరమ్మ గదిలో వదిన ముందే వచ్చి కూర్చుంది, తోడుగా ఉందామని. ఆవిరమ్మ సంచిలోని కాగితం తీసి, రెండుగా చింపి, బల్ల మీద పెట్టింది.

"పొట్ట దగ్గరిది తీసి కట్టండి డాక్టరుగారూ."

"ఈ వయసులోనా?" అంది వదిన.

"డెబ్బై ఏళ్ళావిడకి చేశారు వదినా."

డాక్టరమ్మ తలెత్తింది. "ఆవిడ మీకు తెలుసా?"

"మోకాళ్ళ దాకా తెలుసు."

డాక్టరమ్మ నవ్వింది. ఆపరేషను చాలా గంటలు పడుతుందని, కొద్ది మందికి కట్టిన కొవ్వు అతుక్కోదని, ఆరు వారాలు బరువులు ముట్టకూడదని, స్పర్శ పూర్తిగా తిరిగి రాకపోవచ్చని ఒక్కొక్కటే చెప్పింది. ఆవిరమ్మ అన్నిటికీ తలూపింది. కొత్త కాగితం మీద సంతకం పెట్టింది.

వదిన లేచి తలుపు దాకా వెళ్ళింది. కోపమొచ్చిందనుకుంది ఆవిరమ్మ. గడియ మీద చెయ్యేసి, వెనక్కి తిరక్కుండానే, వినపడీ వినపడనట్టు అడిగింది వదిన.

"డాక్టరుగారూ... పదేళ్ళయిపోయినవాళ్ళకి ఇక కుదరదేమో కదూ?"

"ఎందుకు కుదరదు? పరీక్షలు చేసి చూడాలి గానీ, పదేళ్ళయిందని మాత్రం కాదనను. ఇలా వచ్చి కూర్చోండి."

వదిన వచ్చి కూర్చుంది. కూర్చున్నదే తడవుగా బావురుమంది. నాకెవరూ చెప్పలేదే, ఒక్కరూ చెప్పలేదే అంటూ ఏడ్చింది. ఆవిరమ్మ ఆవిడ వీపు నిమిరింది.

"ఏడవండి వదినా. ఇక్కడెవరూ మన ధైర్యం అడగరు."

డాక్టరమ్మ ఇంకో కాగితం ముందుకు లాక్కుంది. "వయసెంత రాయమంటారు?"

"అరవై మూడు" అంది వదిన ముక్కు తుడుచుకుంటూ, బయట వరసలో ఉన్నవాళ్ళకి కూడా వినిపించేలా.