ఏదైనా అనే సామాను

"మోగకపోతే ఏమైంది, చెయ్యి ఆడించు. జనం చూస్తరు గానీ వింటరా?" అన్నాడు రాంబాబు, ఇస్త్రీ అయిన నీలం కోటు అందుకుంటూ.

శ్యామల ఇంకో కోటు పరిచింది. ఆర్కెస్ట్రాలో మగవాళ్ళు ఆరుగురు, కోట్లు ఆరు. ఏడోది కుట్టించలేదు. ఆడమనిషి కోటేసుకుంటే ఏం బాగుంటదని అత్త ఎప్పుడో తేల్చేసింది. పాల్వంచ చుట్టుపక్కల ఏ పెళ్ళి జరిగినా 'రాంబాబు మ్యూజికల్ నైట్' ఉండాల్సిందే. రాంబాబు పాడతాడు, తమ్ముడు శివ కీబోర్డు వాయిస్తాడు. శ్యామల గిటారు వాయిస్తుంది. అంతకుముందు కోట్లు ఇస్త్రీ చేస్తుంది, పులిహోర కలిపి డబ్బాలకెత్తుతుంది. ప్రోగ్రాం అయ్యాక అందరి వైర్లూ చుట్టలు చుట్టి సంచిలో పెడుతుంది. స్టేజీ మీద రాంబాబు ఒక్కొక్కరికీ ఒక్కో బిరుదు తగిలించి పరిచయం చేస్తాడు. కీబోర్డు కింగు, డ్రమ్ముల పులి. అందరూ అయిపోయాక ఒక గుక్క నీళ్ళు తాగి, "గిటార్, మా ఇంట్లామె" అంటాడు. జనం నవ్వుతారు. పదకొండేళ్ళుగా నవ్వుతూనే ఉన్నారు.

గిటారు ఆమె నాన్న పగిడయ్యది. కొత్తగూడెంలో బొగ్గు గనుల ఎలక్ట్రీషియన్ ఆయన. బదిలీ మీద వెళ్ళిపోతున్న ఇంజనీరు దగ్గర ఇష్టపడి కొన్నాడు, కూతురికి నేర్పించాడు, పోయేముందు ఆమె చేతిలోనే పెట్టాడు. అది పూర్తిగా డొల్లా కాదు, పూర్తిగా నిండు చెక్కా కాదు. నడుమ గట్టి దుంగ, రెండు పక్కలా డొల్ల, పైన రెండు వంకర బెజ్జాలు. తీగల కింద రెండు పికప్‌లు. పికప్ అంటే అయస్కాంతం చుట్టూ తలవెంట్రుక కన్నా సన్నని రాగితీగను వేల చుట్లు చుట్టిన చిన్న పెట్టె. పైనున్న గిటారు తీగ కదిలితే ఆ కదలికను పట్టుకుని వైరులోకి పంపుతుంది. అది పంపకపోతే, వాయించే మనిషికి తప్ప పక్కనున్న మనిషికి కూడా వినపడదు.

నాలుగు నెలలుగా వినపడటం లేదు. మాఘమాసంలో ములకలపల్లి పెళ్ళిలో మాత్రం బ్రహ్మాండంగా పలికింది. ఎంత బాగా పలికిందంటే, పెళ్ళికూతురి తరఫు ఆడవాళ్ళు రాంబాబు పాట మధ్యలో లేచి, "నువ్వు కాసేపు ఆగు బాబూ, ఆ చీరామెను ఇంకోసారి వాయించనియ్యి" అన్నారు. రాంబాబు నవ్వు మొహంతోనే ఆగాడు. ఆ తర్వాతి ప్రోగ్రాంకే గిటారు మూగబోయింది. శివ దాన్ని వెలుతురుకు పెట్టి, బెజ్జంలోకి తొంగి చూసి, "పికప్‌లు రెండూ కాలిపోయినయ్ వదినా" అన్నాడు. చూద్దాం, చేయిద్దాం అంటూ నెలలు గడిచిపోయాయి. పదహారు పెళ్ళిళ్ళలో శ్యామల మోగని గిటారు వాయించి వచ్చింది. గిటారు వినపడటం లేదేమిటని ఒక్కరూ అడగలేదు. పెళ్ళి వీడియోల్లో మాత్రం ఆమె చాలా బాగా వచ్చింది.

అలాగే ఎంతకాలం సాగేదో గానీ, భద్రాచలం నుంచి ఒక కంట్రాక్టరు వచ్చి బేరం కుదుర్చుకుని ఒక మెలిక పెట్టాడు. ఆయన కూతురు ములకలపల్లి పెళ్ళికి వెళ్ళిందట. తన పెళ్ళిలో ఆ గిటారామె ఒక్కతే, వెనక ఏ వాయిద్యమూ లేకుండా అయిదు నిమిషాలు వాయించాలని పట్టుబట్టిందట. వెనక ఏమీ లేకపోతే చెయ్యి ఆడిస్తే కుదరదు. ఆ మధ్యాహ్నమే ఇంట్లో పికప్‌ల మీద పంచాయితీ మొదలైంది.

శివ ఇంటర్నెట్ సెంటర్‌కు వెళ్ళి తొమ్మిది కాగితాలు ప్రింటు తీయించుకొచ్చాడు. అందులో ఒక పికప్ డబ్బా మీద నాలుక చాపిన దయ్యం బొమ్మ ఉంది. "అన్నా, ఇది పెడితే పందిరి లేచిపోతది" అన్నాడు. రాంబాబుకు బంగారు రంగుది నచ్చింది, లైట్ల కింద మెరుస్తుందని. బంగారం రంగైతే పెళ్ళికి శుభమేనని అత్త కూడా ఒప్పుకుంది. శ్యామల టీలు తెచ్చి, కాగితాల మీద కప్పు పెట్టడానికి చోటు వెతుకుతూ, "డొల్ల గిటారుకు మరీ గట్టివి పెడితే..." అంది.

"టీల చక్కెర ఎక్కువైంది" అన్నాడు రాంబాబు.

చివరికి బంగారు రంగు, అన్నిటికంటే గట్టిగా మోగేది, అని తీర్మానమైంది. తెచ్చేందుకు మాత్రం ఎవరికీ తీరిక లేదు. రాంబాబు ఒక చీటీ రాసి డబ్బుతో పాటు ఆమె చేతిలో పెట్టాడు. "ఖమ్మంల చందూలాల్ దుకాణం ఉంటది. ఈ చీటీ చూపియ్యి, ఇచ్చింది గిటార్ల పెట్టిచ్చుకొని రా. నువ్వేం మాట్లాడకు, నీకు తెల్వదని కనిపెడితే మోసం చేస్తరు."

తెల్లారి పప్పు, చారు, ఇద్దరు మగవాళ్ళ టిఫిన్లు, అత్త మాత్రలు అన్నీ అమర్చి ఆమె బస్సెక్కింది. ఖమ్మం వెళ్ళే ఆ బస్సు అడవిలోంచి పోతుంది. టేకులపల్లి దాటాక బీడీలు చుట్టే తునికాకు కట్టలతో ఒకామె ఎక్కి, పక్క సీట్లో నిలబెట్టిన గిటారు సంచిని చూసి, "దీన్ని జరుపు బిడ్డా, కూసుంట" అంది. శ్యామల దాన్ని ఒళ్ళో పెట్టుకున్నాక, ఆమె సంచిని తట్టి, "ఏంది లోపల?" అని అడిగింది. గిటారని చెబితే, "నీదేనా?" అంది.

"అవ్" అంది శ్యామల. ఆ ఒక్క మాట అన్నందుకు ఎందుకో చాలా దూరం దాకా హుషారుగా ఉంది.

చందూలాల్ దుకాణం హార్మోనియంలు, డోలక్‌ల మధ్య మనిషి పక్కకు తిరిగి నడిచేంత ఇరుకు. డెబ్బై ఏళ్ళ ముసలాయన, చెవిలో మిషను. చీటీ చదివి, కళ్ళజోడు మీంచి ఆమెను చూశాడు.

"వాయించేది ఎవరు?"

"నేనే."

"చీటీ రాసింది?"

"మా ఆయన."

"ఆయన వాయిస్తడా?"

"పాడతడు."

ఆయన చీటీని నాలుగు మడతలు పెట్టి, ఊగుతున్న బల్ల కోడు కింద దూర్చాడు. బల్ల ఊగడం ఆగింది. "ఇప్పుడు చెప్పు బేటీ. నీకు ఎసొంటి మోత కావాలె?"

"ఏదైనా పర్లేదండీ" అంది శ్యామల.

"ఏదైనా అనే సామాను నా దుకాణంల లేదు" అన్నాడు ముసలాయన. కోపంగా కాదు, ఉప్పు లేదన్నట్టుగా అన్నాడు.

శ్యామలకు పరీక్షలో రాని ప్రశ్న పడినట్టయింది. ఏం కావాలని ఆమెను అడిగినవాళ్ళు లేరని కాదు. చీరల కొట్టువాడు అడిగితే అత్త చెప్పింది. హోటల్లో సర్వర్ అడిగితే, "ఆమెకు కూడా ప్లేటిడ్లీ" అని రాంబాబు చెప్పాడు. పెళ్ళిచూపుల్లో ఎవరో పెద్దమనిషి పిల్లను కూడా అడగండి అంటే, "దానికేం తెలుసు, మీ ఇష్టం" అని నాన్నే, గిటారు నేర్పిన నాన్నే అన్నాడు. పదకొండేళ్ళుగా వారానికి రెండుసార్లు గుత్తివంకాయ వండుతోంది. తనకు వంకాయ ఇష్టమో కాదో నిలబడి ఆలోచించిన గుర్తు లేదు. అలా అడుగుతారని తెలిస్తే ఇంటి దగ్గర ఆలోచించుకుని వచ్చేది. ఇప్పుడు ఈ ముసలాయన డోలక్ మీద చెయ్యి పెట్టుకుని, తొందరేమీ లేనట్టు, ఎదురు చూస్తున్నాడు.

"గట్టిగా కాదు" అంది చివరికి. "అంటే... అరవొద్దు. అట్లని నసగొద్దు కూడా. నేను మెల్లగ మీటితే మెల్లగ, గట్టిగ మీటితే గట్టిగ రావాలె. చారులాగ పల్చగ ఉండొద్దు, ముద్దపప్పులాగ గొంతుకు అడ్డం పడొద్దు."

చందూలాల్ మొహం విప్పారింది. "ఇది ఆర్డరు" అని లోపలి నుంచి మూడు డబ్బాలు తెచ్చాడు. "నాకు ఒక చెవి పూర్తిగ పోయింది, రెండోది ముప్పాతిక పోయింది. చెక్క మీద చెయ్యి పెడితే మోగుతుందా లేదా చెప్త. బాగుందా లేదా నువ్వే చెప్పాలె."

పాత పికప్‌లను విప్పి పక్కన పెట్టి, కొత్త జతను తీగల కింద నిలిపి, దాని వైర్లను బయటి నుంచే క్లిప్పులతో స్పీకరుకు తగిలించాడు. మొదటిది చీటీలోని బంగారు రంగుదే. శ్యామల ఒక తీగ మీటిందో లేదో డొల్లంతా లేచి కూత పెట్టింది. పక్క కొట్టు గిన్నెలాయన బయటికొచ్చి చూశాడు. చందూలాల్ గిటారు చెక్క మీది అరచేతిని చటుక్కున తీసేశాడు. "నిండు చెక్కకైతే సరే. డొల్లకు పెడితే స్పీకర్ మోత మళ్ళీ లోపలికి దూరి అరుస్తది."

"అచ్చం మా ఆయన పాడినట్టే ఉంది" అంది శ్యామల. అన్నాక నాలుక కరుచుకుంది.

"ఏంది?" అన్నాడు చందూలాల్.

"ఏం లేదండీ."

రెండోది తేనెలా ఉంది గానీ, దాని వెనకాల సన్నగా ఝుమ్మని ఒకటే రొద. "ఒంటి చుట్టది" అన్నాడాయన. "ట్యూబులైటు, ఫ్యాను, మిక్సీ, ఏది నడిచినా ఇందుల వినపడతది." పెళ్ళిపందిట్లో వెయ్యి సీరియల్ బల్బులుంటాయి. ఇంటిల్లిపాదీ మోతా ఇప్పటికే మోస్తున్నాను, మళ్ళీ ఇందులో కూడానా అనుకుని ఆమె తల అడ్డంగా ఊపింది.

మూడోదానికి మెరుపు లేదు, పాత చెంచా రంగు. "పక్కపక్కనే రెండు చుట్టలు, ఒకదాని రొదను ఇంకోటి కొట్టేస్తది. చుట్లు తక్కువ. గట్టిగ మోగదని ఎవ్వరూ కొంటలేరు" అన్నాడు. శ్యామల మెల్లగా మీటింది. మెల్లగా పలికింది. వేలు కాస్త వాల్చింది, స్వరం కూడా వాలింది. గట్టిగా కొట్టింది, నిండుగా లేచి, అరవకుండా ఆగింది. ఆమె ఆపకుండా పావుగంట వాయించింది. గిన్నెలాయన మళ్ళీ వచ్చాడు, ఈసారి స్టూలు తెచ్చుకున్నాడు.

"ఇదే" అని చెప్పి, అలవాటు కొద్దీ అనుమానపడింది. "పాతవి ఎట్ల ఉండేవో మరిచిపోయిన. అవి కాలిపోకపోతే పోల్చుకునేదాన్ని."

"కాలినయని ఎవరన్నరు?" అంటూ ఆయన పాత జతను అలాగే క్లిప్పులకు తగిలించాడు. మీటితే ఖంగుమని మోగింది.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చందూలాల్ టార్చి, చిన్న అద్దం తెచ్చి బెజ్జంలోకి చూశాడు. చాలాసేపు చూశాడు. "బయటికొచ్చే వైరు కోసి ఉంది బేటీ. తెగింది కాదు, కట్టర్‌తోటి కోసింది, కొస సాఫుగ ఉంది. బెజ్జంల నుంచి దూర్చి కోసుడు అల్కనే. మళ్ళ అతుకుడే కష్టం, నా అసొంటోనికి కూడ గంట పని."

అప్పుడే దుకాణంలోని ఫోను మోగింది. ముసలాయనకు వినపడలేదు, శ్యామల చెయ్యి చూపిస్తే, "నువ్వే ఎత్తు, అరిస్తే తప్ప నాకు ఫోన్ల వినపడదు" అన్నాడు. అవతల రాంబాబు.

"చీటీల రాసిందే తీస్కుంటున్నవా?"

"గిటార్ల వైరు ఎవరు కోసిండ్రు?" అంది శ్యామల.

అవతల టీవీ మోత ఆగింది. "ఏ వైరు?"

"లోపలిది."

"శివగాడు... వాడికి చెప్పిన గానీ, గట్ల పూర్తిగ కొయ్యుమనలే. కొంచెం తగ్గించు అన్న. ములకలపల్లిల చూసినవ్ కదా, నా పాట వినపడకుంటయింది. పాటగాడు పాడంగ గిటార్ వినుడేంది? అయినా నీ మంచికే. చేతులు నొస్తయ్ అంటివి కదా."

"పదహారు పెళ్ళిళ్ళు."

"గిప్పుడు కొత్తవి కొనిస్తున్న కదా" అన్నాడు రాంబాబు, గాయపడినట్టుగా.

శ్యామలకు నవ్వొచ్చింది. కోపం రావాల్సిన చోట నవ్వు రావడం ఆమెకే వింతగా తోచింది. కోసింది ఒప్పుకోవడం కంటే కొత్తవి కొనడం సులువైన మనిషితో పదకొండేళ్ళు కాపురం చేసింది. "బస్సు ఆలస్యమైతది. బియ్యం కడిగి పెట్టుకోండి" అని ఫోను పెట్టేసింది.

"పాతవే ఉంచమంటవా?" అన్నాడు చందూలాల్. "వైరు అతికితే చాలు. అవి కూడ మంచివే."

పాతవి మంచివే. ఆ ఇంజనీరు ఎంచుకున్నవి, నాన్నకు నచ్చినవి. "మంచివే. కానీ ఇవి నేను చెప్పినవి" అని శ్యామల మూడో డబ్బాను ఆయన వైపు జరిపింది.

ఆయన వైరు అతికి, కొత్తవి బిగించేసరికి పొద్దు వాలింది. డబ్బులిచ్చి లేస్తుంటే, "వారానికి రెండు రోజులు వచ్చి కూసుంటవా?" అని అడిగాడు. "జీతమిస్త. నాకు చెవులు కావాలె. సుతి కలిసిందో లేదో తెల్వకుండనే హార్మోనియంలు అమ్ముతున్న. పాపం తగుల్తది."

"ఇంట్ల అడిగి ఫోన్ చేస్తానండీ" అంది శ్యామల.

భద్రాచలం పెళ్ళిలో ఆమె అయిదు నిమిషాలకు బదులు పన్నెండు నిమిషాలు వాయించింది. పెళ్ళికూతురు పీటల మీద నుంచే చప్పట్లు కొట్టి పురోహితుడితో చీవాట్లు తింది. పరిచయాల దగ్గర రాంబాబు "మా ఇంట్లామె" అనబోతే, శ్యామల మైకు దగ్గరికి జరిగి, "గిటార్, పగిడయ్య గారి బిడ్డ శ్యామల" అని తనే చెప్పుకుంది. ఈసారి ఎవరూ నవ్వలేదు. రాంబాబు మరో గుక్క నీళ్ళు తాగాడు.

మర్నాడు పొద్దున రాంబాబు, శివ, అత్త ముందుగదిలో ఉప్మా తింటున్నారు. అడగాలనే శ్యామల ఆ గదిలోకి వచ్చింది. మాటలు కూడా వరుసగా పేర్చుకుంది. "ఉప్మాల జీడిపప్పు ఎయ్యలేదేంది?" అని రాంబాబు అన్నాడు. ఆమె అతనికి జవాబు చెప్పలేదు. టీవీ పక్కనున్న ఫోను దగ్గరికి వెళ్ళి ఖమ్మం నంబరు తిప్పింది.

"నేను శ్యామలనండీ. మంగళవారం, శుక్రవారం వస్తాను" అంది మామూలు గొంతుతో.

"ఏంది? ఎవరూ?" అన్నాడు చందూలాల్ అటు నుంచి.

ఆమె మళ్ళీ చెప్పింది. ఆయనకు వినపడలేదు. ఇంకాస్త పెంచి చెప్పింది. "గట్టిగ బేటీ, గట్టిగ" అన్నాడాయన. పెళ్ళయ్యాక ఆ ఇంట్లో ఎప్పుడూ ఎత్తనంత గొంతెత్తి, ఒక్కో మాటా విడదీసి, నాలుగోసారి చెప్పింది.

ముసలాయనకు నాలుగోసారికి వినపడింది. ఉప్మా తింటున్నవాళ్ళకు మొదటిసారే వినపడింది.