పౌడర్ మీద నల్ల గీత

బార్కస్‌లో సయీద్ బావజీర్ మెకానిక్ షెడ్డు ముందు రవీందర్ కిరాయికి తిప్పే తన కారు ఆపి దిగాడు. తలుపు వేయలేదు. షెడ్డు గుంతలో ఇంకో బండి కింద పనిచేస్తున్న డానియేలును పిలిచాడు.

"ఓ డానియేలూ, బైటికి రా. నీ పనితనం సూద్దువు రా."

డానియేలు గుంతలోంచి తల ఎత్తాడు. పెళ్లి కాకముందు నుంచీ ఆయన ఈ షెడ్డులోనే మెకానిక్. ఇప్పుడు ఆయన కూతురు ఇంటర్ చదువుతోంది. రవీందర్ ఎప్పుడు వచ్చినా ఆయన్ని అన్నా అని పిలిచేవాడు. ఈసారి పిలవలేదు.

"మళ్ల కారుతుందా, తమ్మీ?"

"కారుడు గాదు, పొగొస్తుంది. శారదాంబ మేడం వెనక సీట్ల ఉన్నది. డయాలిసిస్ చేయించుకొని ఇంటికి పోతున్న మనిషి. బండి అంటుకుంటదని భయపడి రోడ్డు మీద దిగి ఆటోల పోయింది. నువ్వు పెట్టింది సీలా, సైకిల్ ట్యూబా?"

స్టూలు మీద కూర్చున్న ఓదెలు నవ్వాడు. పాల క్యాన్లు తిప్పే ట్రాలీ ఆటో ఆయనది. బ్రేకులు చేయించుకోవడానికి వచ్చాడు.

"సైకిల్ ట్యూబైతే నయముండు. పంక్చరన్న ఏసుకుంటుండె."

డానియేలు నవ్వలేదు. గుంత ఎక్కి వచ్చి కారు కిందికి వంగి చూశాడు. ఇంజనూ గేర్‌బాక్సూ కలిసే చోట ఆయిల్ బొట్టు వేలాడుతోంది. చూస్తుండగానే నేల మీద పడింది.

బోనాలకు వారం ముందు రవీందర్ కారుకు క్లచ్ మార్చారు. దానికోసం గేర్‌బాక్స్ దించాలి. దించినప్పుడు ఇంజను వెనక ఆయిల్‌ను ఆపే రబ్బరు సీల్ కూడా కొత్తది వేయడం ఆ షెడ్డు అలవాటు. డానియేలు వేశాడు. బోనాలు అయ్యాక ఆయిల్ కారడం మొదలైంది. కారుతున్నది సీల్ ఉన్న చోటనే. డానియేలు రెండోసారి గేర్‌బాక్స్ దించి ఇంకో సీల్ వేశాడు. అయినా ఆగలేదు.

సయీద్ లోపలి గదిలోంచి లుంగీ సర్దుకుంటూ వచ్చాడు. బొట్టును చూశాడు.

"క్యా రే డానియేల్, రెండు సార్లు దించినవ్, రెండు సార్లు ఎక్కించినవ్. అభీ భీ?"

"సీల్ కాదు భాయ్."

"మరేంది?"

"తెల్వదు. సీల్ మాత్రం కాదు."

"తెల్వనప్పుడు సీల్ కాదని ఎట్ల చెప్తవ్?" సయీద్ గొంతు పెంచాడు. ఎదురుగా ఉన్న హోటల్లో చాయ్ తాగుతున్నవాళ్లు ఇటు తిరిగారు. "దేఖో, అందరి ముందర చెప్తున్న. ఇయ్యాల సీలే అని తేలిందనుకో, నీ సామాన్ తీసుకొని పో. ఈ రవీందర్ భాయ్ తన మాదన్నపేట మొత్తం తిరిగి నా షెడ్డు పేరు ఖరాబ్ చేస్తడు. నాకు ఆ పేరు ఒక్కటే ఉన్నది."

రవీందర్ బాగా అయింది అనుకున్నాడు.

"పౌడర్ కొడదాం," అన్నాడు డానియేలు.

"కొడదాం. పౌడర్ ఝూట్ నై బోల్తా, అబద్ధమాడదు."

ఆయిల్ ఎక్కడ కనిపిస్తుందో అక్కడే కారుతున్నట్టు కాదు. పైనెక్కడో బయటికొచ్చి, ఇంజను వెంట జారి, కింద చేరి బొట్టు కడుతుంది. దారి కనిపించాలంటే ఇంజను కడిగి, ఆరబెట్టి, దానిమీద పౌడర్ చల్లి బండిని రోడ్డు మీద నడపాలి. ఆయిల్ ఎటు నడిచిందో అటు పౌడర్ నల్లబడుతుంది. రవీందర్ పక్క దుకాణంలో మల్లెల వాసన టాల్కం పౌడర్ డబ్బా కొనుక్కొచ్చాడు.

డీజిల్‌తో కడిగే ముందు డానియేలు ఒక పాలిథిన్ సంచి తీసుకుని గేజ్‌కు తొడిగాడు. గేజ్ అంటే ఇంజనులో ఆయిల్ ఎంత ఉందో చూసే కడ్డీ. పొడవాటి గొట్టంలో దిగి ఉంటుంది, పైన పట్టుకుని లాగే రింగు ఉంటుంది. ఆ రింగు కింద, కడ్డీ మెడకు ఒక దారం చుట్టి ఉంది. రవీందర్ తల్లి కొమురమ్మ బోనాల రోజు అమ్మవారి గుడి నుంచి తెచ్చి కట్టింది. ఎరుపూ పసుపూ కలిపి పేనిన దారం ఇప్పుడు నల్లగా ఉంది. రవీందర్ రోజూ ఆయిల్ చూసేటప్పుడు రింగు పట్టుకునే లాగేవాడు. షెడ్డులో సయీద్, డానియేలు కూడా అంతే. దారానికి ఎవరి వేలూ తగలనిచ్చేవారు కాదు.

"మంచిగ కాపాడుతున్నవ్ అమ్మవారి దారాన్ని," అన్నాడు ఓదెలు.

"ఎవరి మొక్కు వాళ్లది కదన్నా," అన్నాడు డానియేలు.

కడిగారు. గాలి పైపుతో ఆరబెట్టారు. డానియేలు సంచి తీసేసి ఇంజను వెనకా పక్కలా పౌడర్ చల్లాడు. ఓదెలు దగ్గరికొచ్చి వాసన చూశాడు.

"పెండ్లికొడుకు లెక్క తయారైంది. ఇగ ఊరేగించుడే."

సయీద్ బానెట్ మూసి, ముందు జాలీకి కలిపి తన చేత్తో తీగ చుట్టాడు.

"తిరిగొచ్చి నా ముందర విప్పాలె. నడుమల నువ్వు నై, ఆయన నై. ఇద్దరు పోండి."

రవీందర్ స్టీరింగు ముందు కూర్చున్నాడు. డానియేలు పక్క సీట్లో కాగితం పరుచుకుని కూర్చున్నాడు. రవీందర్ కారును పహాడీషరీఫ్ వైపు తిప్పాడు.

"మూడో గేర్ల లాగు," అన్నాడు డానియేలు. "ఇంజనుకు జోరు రావాలె. నిలబెట్టినప్పుడు ఇది కొత్తగ కారుతలేదు."

రవీందర్ తొక్కాడు. కారు ఎత్తు ఎక్కింది.

"నిజం చెప్పు. సీల్ కొట్టేటప్పుడు అంచు మడతపడ్డదా?"

"చుట్టూత వేలు పెట్టి తడిమిన. రెండు సార్లు."

"మరి ఎందుకు కారుతుంది?"

డానియేలు పక్క అద్దం దించాడు. ఆయన చెవి ఇంజను మీద ఉంది. ఎత్తు పూర్తికాకముందే వాసన వచ్చింది. తర్వాత బానెట్ అంచు నుంచి పొగ లేచి అద్దం మీదికి వచ్చింది. రవీందర్ కాలు బ్రేకు మీదికి పోయింది.

"ఆపకు," అన్నాడు డానియేలు.

"అంటుకుంటే?"

"సైలెన్సర్ పైపు మీద బొట్లు పడుతున్నయ్. పొగనే. ఇప్పుడు ఆపితే ఆయిల్ దారి సగంల ఆగిపోతది, ఏడికెళ్లి వచ్చిందో తెల్వదు. ఇంకొంచెం లాగు."

"నీకేంది, నీ బండా?"

"నీకు పోతే బండి పోతది తమ్మీ. నాకు షెడ్డు పోతది."

రవీందర్ బ్రేకు మీంచి కాలు తీశాడు. దర్గా గుట్ట దాటి కొంత దూరం పోయి వెనక్కి తిప్పాడు. షెడ్డు చేరేదాకా పొగ ఆగలేదు. డానియేలు రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు. 

కారును గుంత మీదికి ఎక్కించారు. సయీద్ టార్చి తీసుకుని గుంతలోకి దిగాడు. చాయ్ తాగేవాళ్లలో ఇద్దరు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. కింది నుంచి సయీద్ గొంతు వినిపించింది.

"వహీచ్ జాగా, అదే చోటు. గేర్‌బాక్స్ జాయింట్ తడిసి ఉన్నది." చేయి పైకి చాపాడు. వేలు నల్లగా ఉంది. "దేఖ్ లే డానియేల్. ఇంకేం చెప్తవ్?"

"పైకెళ్లి కూడ చూడు భాయ్."

"పైన ఏం చూడాలె? నేను చెప్పిన మాట చెప్పిన. సామాన్ ఉఠా."

డానియేలు తీగ విప్పి బానెట్ ఎత్తాడు. రవీందర్ ఆయన పక్కకొచ్చి లోపలికి వంగాడు. ఇంజను పౌడర్‌తో తెల్లగా ఉంది. వెనక వైపు మాత్రం పై నుంచి కిందికి వేలెడు వెడల్పున నల్ల గీత ఉంది. కింద అది గేర్‌బాక్స్ జాయింట్ మీద చేరింది. రవీందర్ చూపు అక్కడి నుంచి గీత వెంట పైకి వెళ్లింది. గీత ఇంజను గోడ మీంచి గేజ్ గొట్టానికి ఎక్కింది. గొట్టం వెంట దాని మూతి దాకా వచ్చింది. మూతి దగ్గర దారం ఉంది. దారం కొస నుంచి బొట్టు దిగుతోంది.

డానియేలు కూడా చూశాడు. ఆయన చూసిన సంగతి రవీందర్ చూశాడు. డానియేలు నోరు తెరవలేదు. ఆయన కళ్లు దారం మీంచి స్టూలు మీదున్న ఓదెలు వైపు, గుమ్మంలో నిలబడ్డవాళ్ల వైపు పోయాయి. చొక్కా గుండీ దగ్గర మెడలోని శిలువ కనిపిస్తోంది. ఆయన గుడ్డతో చేతులు తుడుచుకుని బానెట్ దగ్గర నుంచి జరిగాడు. గోడవారన తన రెంచీల పెట్టె ముందు కూర్చుని ఒక్కొక్కటే లోపల పెట్టడం మొదలుపెట్టాడు.

బోనాల రోజు కొమురమ్మ చేతిలో దారంతో కారు చుట్టూ తిరిగింది. అద్దానికి కడితే కడిగేవాళ్లు తెంపుతున్నారు. "దీని పానం ఏడుంటది బిడ్డా, ఆడ కడత," అంది. రవీందర్ బానెట్ ఎత్తి గేజ్ చూపించాడు. "ఆయిలే దీని పానం. గీ పుల్లకు కట్టు," అన్నాడు. నవ్వుతూ అన్నాడు. ఆమె ఏడు చుట్లు చుట్టి ముడి వేసింది.

రవీందర్ గేజ్‌ను రింగు పట్టుకుని కిందికి నొక్కాడు. దిగింది. వదిలాడు. పైకి లేచింది.

గోడవారన రెంచీల చప్పుడు ఆగింది. పెట్టె మూత పడింది.

"ఆగన్నా," అన్నాడు రవీందర్. తర్వాత గుంత వైపు తిరిగి ఇంతకు ముందు తిట్టినంత గట్టిగానే చెప్పాడు. "సయీద్ భాయ్, సీల్ కాదు. పైకి రా. డానియేలన్న తప్పేం లేదు. మా అమ్మ కట్టిన దారం. గేజ్ కూసుంటలేదు."

సయీద్ గుంత ఎక్కి వచ్చాడు. గీతను కింది నుంచి పైదాకా టార్చితో చూశాడు. ఓదెలు స్టూలు మీంచి లేచాడు.

"ఏయ్ రవీందర్, ఏం మాట్లాడుతున్నవ్? అమ్మవారి దారంతోటి ఆయిల్ కారుతదా? గిట్ల ఎవలన్న అంటరా?"

"అమ్మవారిని అంటలేనే. కట్టిన జాగ తప్పు. ఆ జాగ చూపించింది నేను."

"ఎవడన్న చెప్పిచ్చిండా నీతోటి?" ఓదెలు డానియేలు వైపు చూశాడు.

"నీ ముందరనే ఉన్నడు కద. నోరు తెరిచిండా? నువ్వే వచ్చి సూడు."

ఓదెలు వచ్చి చూశాడు. గుమ్మంలోని ఇద్దరూ వచ్చారు. ముగ్గురి కళ్లూ గీత వెంట దారం దాకా వెళ్లాయి. సయీద్ డానియేలును అడిగాడు.

"గింత దారానికి గంత ఆయిలా?"

"ఇంజను తిరిగితే లోపల గాలి ఒత్తుతది భాయ్. గేజ్ మెడకు రబ్బరుంటది, అది గొట్టం మూతిని మూస్తది. నడుమల దారం ఉన్నది. జోరు మీద ఆయిల్ దాంట్లకెళ్లి ఎక్కి బయటికొస్తది." డానియేలు ఇంకా పెట్టె దగ్గరే కూర్చుని చెప్పాడు.

"అయితే తియ్యి."

"నేనా?"

సయీద్ తన చేతులు చూసుకుని వెనక్కి జరిగాడు. "మేరే సే నక్కో బాబా. రవీందర్ భాయ్, నువ్వు తియ్యి."

రవీందర్ గేజ్ బయటికి లాగి గోళ్లతో ముడిని పట్టుకున్నాడు. ఆయిల్‌కు జారిపోయింది. సయీద్ కత్తెర ఇవ్వబోతే ఓదెలు అడ్డం వచ్చాడు.

"తెంపుతరా ఏంది? కట్టిన పెద్దమనిషిని అడగరా?"

రవీందర్ ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు.

"అమ్మా, నువ్వు గేజ్‌కు కట్టిన దారం తియ్యాలె. దానితోటే ఆయిల్ కారుతుంది."

స్పీకర్‌లో కొమురమ్మ గొంతు వచ్చింది.

"గట్టిగనే కట్టిన కదరా."

"గట్టిగ కట్టినవ్. అందుకే."

"నువ్వే చూపిస్తివి కదా ఆడ కట్టుమని."

"నేనే. తప్పు నాదే. ముడి ఇప్పరాస్తలేదు, తెంపమంటవా?"

"తెంపకు! ఇప్పు."

డానియేలు లేచి వచ్చాడు. చేతిలో సన్నటి సూది లాంటి పనిముట్టు ఉంది. ఫోన్ వైపు వంగాడు.

"అమ్మా, నేను ఇప్పొచ్చునా?"

"ఎవలు బిడ్డా నువ్వు?"

"డానియేల్ అమ్మా. మెకానిక్."

"మా రవి పొద్దుగాల తిట్టుకుంట పోయిండు, ఆ డానియేలా?"

రవీందర్ తల దించుకున్నాడు. ఓదెలుకు నవ్వు వచ్చింది, ఆపుకున్నాడు.

"ఆ డానియేలే అమ్మా."

"చేతులు మంచిగ కడుక్కొని ఇప్పు బిడ్డా. ఇప్పి వానికియ్యి."

డానియేలు నల్లా దగ్గరికి వెళ్లి సబ్బు పొడితో మోచేతుల దాకా కడుక్కున్నాడు. ముడిలో సూది దించి కొంచెం కొంచెంగా వదులు చేశాడు. దారం తెగకుండా వచ్చింది. రవీందర్ చేతిలో పెట్టాడు. గేజ్ తుడిచి గొట్టంలో దించి నొక్కాడు. టక్ మని కూర్చుంది.

మళ్లీ కడిగారు. మళ్లీ పౌడర్ చల్లారు. ఈసారి సయీద్ తీగ కట్టలేదు. తనే రవీందర్ పక్కన కూర్చుని పహాడీషరీఫ్ దాకా వెళ్లాడు. ఎత్తు మీద రవీందర్ మూడో గేరులో లాగాడు. ఇద్దరూ బానెట్ అంచు వైపే చూశారు. వాసన రాలేదు.

తిరిగొచ్చేసరికి డానియేలు ఓదెలు ట్రాలీ చక్రం విప్పి కూర్చున్నాడు. కారు గుంత మీదికి ఎక్కుతున్నా తల తిప్పలేదు. సయీద్ గుంతలోకి దిగి జాయింట్ చుట్టూ వేలితో రాశాడు. పైకొచ్చి ఆ వేలు డానియేలు ముఖం ముందు పెట్టాడు. వేలు తెల్లగా ఉంది.

"కనపడ్డది భాయ్," అన్నాడు డానియేలు. "వెలుతురుకు అడ్డం ఉన్నవ్, జర జరుగు."

సయీద్ జరిగాడు. గోడవారన మూసి ఉన్న రెంచీల పెట్టెను తనే మోసుకొచ్చి ట్రాలీ పక్కన పెట్టి మూత తీశాడు.

రవీందర్ దారం పట్టుకుని ఇంకా అక్కడే నిలబడ్డాడు.

"అన్నా, ఇందాక నేను..."

"ఆయిల్ తగ్గింది, పోసుకొని పో," అన్నాడు డానియేలు. "శారదాంబ మేడంకు ఫోన్ చెయ్యి. మళ్లసారి డయాలిసిస్‌కు ఆటో ఎక్కకుమను."